ఈ రక్తం ఎవరిది?

హైదరాబాద్ రహమత్ నగర్ బస్తీలో పొద్దున పరగడుపున ఇచ్చిన రక్తం మధ్యాహ్నానికల్లా నారాయణగూడ చేరాలి. యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్, హిమాయత్‌నగర్ ట్రాఫిక్‌ అంతా దాటుకుని, ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో, బోలెడన్ని ట్యూబుల మధ్య ఒక ట్యూబుగా. ఇచ్చిన మనిషి అప్పటికే పనిలో పడిపోయి ఉంటుంది. జూబ్లీహిల్స్‌లో ఎవరింట్లోనో వంట దగ్గరో, ఏ షూటింగ్‌లో జూనియర్ ఆర్టిస్టుల వరసలోనో. తన రక్తం ఏ సిగ్నల్ దగ్గర ఆగిందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. మర్నాటికి ఫోన్‌కు మెసేజ్ వస్తే చాలు. అందులో ఉన్న అంకె తనదేనని ఆమె నమ్మకం.

ఆ నమ్మకం నిలబడాలంటే తెర వెనక చాలా జరగాలి.

2018లో రాష్ట్ర ప్రభుత్వం నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రాంగణంలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్ర ల్యాబ్ తెరిచింది. నగరంలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బస్తీ దవాఖానాలు రక్తం తీసి పెడతాయి. వ్యాను వచ్చి పట్టుకెళ్తుంది. పరీక్షంతా ఒక్కచోటే, పెద్ద యంత్రాల మీద. రోగి పైసా కట్టక్కర్లేదు. 57 రకాల పరీక్షలతో మొదలైన ఈ ఏర్పాటు 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాలకు పాకింది. 2023లో పరీక్షల సంఖ్య 134కు పెరిగింది. థైరాయిడ్ పరీక్షకు ప్రైవేటు ల్యాబులో డబ్బు పెట్టలేక ఏళ్ల తరబడి ఊరుకున్న వాళ్లకు ఇదెంత మేలో వేరే చెప్పాలా? అయితే దీంతోపాటే ఒక చిక్కు కూడా వచ్చిపడింది. అది దూరం. పాత రోజుల్లో రక్తం తీసిన టెక్నీషియనే పక్క గదిలో కూర్చుని పరీక్ష చేసేవాడు. ట్యూబు చూడగానే మనిషి ముఖం గుర్తొచ్చేది. ఇప్పుడు రక్తం తీసేవాళ్లు యంత్రాన్ని చూడరు, యంత్రం నడిపేవాళ్లు మనిషిని చూడరు. ఇద్దరికీ మధ్య ఉన్నది బొటనవేలంత స్టిక్కర్ ఒక్కటే.

రిపోర్టు తేడాగా వస్తే మనం ముందుగా అనుమానించేది యంత్రాన్నే. పాపం, ల్యాబు మొత్తంలో గట్టి కాపలా ఉండేది దాని దగ్గరే. విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణాలు ఎక్కించి, సరిగ్గా చదువుతోందని తేలాకే రోగుల శాంపిళ్లు పెడతారు. తప్పులు ఎక్కడ పుడతాయన్న దానిమీద ఈ రంగంలో అందరూ చెప్పుకునే లెక్క ఇటలీలోని పాదువా ఆసుపత్రిది. ప్లెబానీ, కరారో అనే ఇద్దరు 1997లో ప్రచురించారు. 40,490 పరీక్షల్లో 189 తప్పులు దొరికాయి. అందులో యంత్రం మీద పరీక్ష జరుగుతుండగా దొర్లినవి 13 శాతం పైచిలుకు. 68 శాతం అంతకుముందే, అంటే పరీక్ష రాయడంలో, రక్తం తీయడంలో, పంపడంలో జరిగిపోయాయి. మిగతావి రిపోర్టు బయటికి వెళ్లే దారిలో. పదేళ్ల తర్వాత అదే ఆసుపత్రిలో మళ్లీ చూశారు. మొత్తం తప్పులు తగ్గాయి గానీ వాటాలు పెద్దగా మారలేదు. 62 శాతం మొదటి దశలోవే.

మొదటి దశ తప్పుల్లో చాలావాటిని ల్యాబు పసిగడుతుంది. సూది సరిగ్గా పడక ఎర్రకణాలు పగిలితే సీరం ఎర్రగా కనబడుతుంది. రక్తం చాలకపోతే యంత్రమే మొరాయిస్తుంది. గడ్డకట్టకూడని ట్యూబులో గడ్డకట్టినా తెలిసిపోతుంది. కనబడనిది ఒక్కటే: రక్తం బాగుంటుంది, ట్యూబు బాగుంటుంది, లేబుల్ బాగుంటుంది, కానీ లేబుల్ మీద ఉన్నది వేరే మనిషి పేరు. అప్పుడు యంత్రం నూటికి నూరు పాళ్లు సరైన జవాబే ఇస్తుంది, వేరొకరి ప్రశ్నకు.

ఇలాంటివి ఎంత తరచుగా జరుగుతాయో తెలుసుకోవడానికి బ్లడ్ బ్యాంకుల వాళ్లు ఒక తెలివైన దారి కనిపెట్టారు. మనిషి బ్లడ్ గ్రూపు మామూలుగా మారదు. పాత రికార్డులో బి పాజిటివ్ ఉండి, కొత్త శాంపిల్ ఓ పాజిటివ్ అని వస్తే ఆ రెండింటిలో ఒకటి ఆ మనిషిది కాదు. ఈ పద్ధతిలో 10 దేశాల్లోని 62 ఆసుపత్రుల్లో లెక్క తీసి 2003లో ప్రచురించారు. దాదాపు రెండు వేల శాంపిళ్లకు ఒకటి వేరే మనిషి రక్తమని తేలింది. పొరపాటున ఇద్దరి గ్రూపూ ఒకటే అయితే ఆ తప్పు ఎవరికీ కనబడదు కాబట్టి, దానికీ ఒక అంచనా కలిపి వేసిన లెక్క ఇది. రెండు వేలకు ఒకటే కదా అనిపించొచ్చు. రోజుకు వేల ట్యూబులు వచ్చే ల్యాబులో ఆ ఒకటి ప్రతిరోజూ వస్తుంది. అందుకే రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు, కొత్త రోగి అయితే, వేరే సమయంలో తీసిన రెండో శాంపిల్ కూడా చూశాకే గ్రూపు ఖాయం చేయాలన్న నియమం చాలా దేశాల్లో వచ్చింది.

పేరుతో వచ్చే తంటా

మన దగ్గర ఈ చిక్కుకు ఇంకొన్ని ముళ్లు ఉన్నాయి. ఒక బస్తీలో ఒక పొద్దున ఎంతమంది లక్ష్ములు, ఎంతమంది శ్రీనివాసులు, ఎంతమంది మహ్మద్‌లు వరసలో ఉంటారో ఏ ఏఎన్ఎంను అడిగినా చెబుతుంది. ఇంటిపేరు ఒక చీటీలో ముందు, ఇంకో చీటీలో వెనక, మరో చీటీలో ఒక్క అక్షరమై కూర్చుంటుంది. ఇంగ్లిషులో రాయబోతే లక్ష్మికి రెండు మూడు స్పెల్లింగులు. ఆమాటకొస్తే రహమత్ నగర్ పేరునే ఒక్కో బోర్డు మీద ఒక్కో రకంగా రాస్తారు. మనిషి కంప్యూటర్‌లో ఇద్దరుగా విడిపోవడానికి ఒక్క అక్షరం తేడా చాలు. పైగా ఇది సినిమా వాళ్ల పేట. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహమత్ నగర్ గల్లీల్లో ఉండే వాళ్లలో యూనిట్ మొత్తం పిలిచే పేరొకటి, ఆధార్‌లో పేరొకటి ఉన్నవాళ్లు ఎందరో. చీటీ మీద ఒక పేరు, సిరంజీ పట్టుకున్నామె పిలిచే పేరు ఇంకొకటి.

ఆ పిలవడంలో ఉంది అసలు కిటుకు. టెక్నీషియన్ తలెత్తకుండా, "లక్ష్మేనా?" అని అడుగుతుంది. ముందుకొచ్చిన ఆవిడ, "ఆ" అంటుంది. వరసలో ఇంకో లక్ష్మి ఉందని ఆమెకు తెలియదు. తెలిసినా, గవర్నమెంటు దవాఖానాలో అడిగినదానికి కాదనడం మనకు అలవాటు లేదు. సరిగ్గా వినబడకపోయినా తలూపుతాం. ప్రపంచమంతా ల్యాబుల్లో నేర్పే పాఠం చాలా చిన్నది: పేరు చెప్పి అడగొద్దు, "మీ పేరు చెప్పండమ్మా, పుట్టిన తేదీ చెప్పండి" అని అడగండి. వాళ్ల నోటితో చెప్పించాలి. రెండు గుర్తులు కావాలి, అందులో మంచం నంబరు, గది నంబరు లెక్కలోకి రావు. పుట్టిన తేదీ దగ్గర మళ్లీ మన ఇబ్బంది మనది. పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. ఇద్దరు లక్ష్ములకూ జనవరి 1 అయిన రోజున ఆ రెండో గుర్తు పనికిరాదు. అందుకే ఫోన్ నంబరో, 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరో, ఆసుపత్రి ఇచ్చిన నంబరో తోడు కావాలి. 2020లో కోవిడ్ పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టించుకున్న వాళ్లందరికీ శాంపిల్‌కు ఇచ్చిన ఎస్ఆర్ఎఫ్ ఐడీ గుర్తుండే ఉంటుంది. దేశంలో కోట్ల మంది శాంపిళ్లను పేరుతో కాక నంబరుతో పట్టుకోవడం మామూలు జనానికి తెలిసొచ్చింది అప్పుడే.

శాంపిల్ ఎవరిదో పక్కాగా తెలియడం వల్ల ఏమవుతుందో చూపించే గొప్ప ఉదాహరణ రహమత్ నగర్‌కు దగ్గర్లోనే, బేగంపేటలో ఉంది. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ అక్కడ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించాడు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. ఆ దోమలు లార్వా దశ నుంచి తన కళ్లముందు పెరిగినవి, అంతకుముందు ఎవరినీ కుట్టనివి. ఏ రోజు కుట్టింది, ఏ రోజు కోసి చూసింది రాసుకున్నాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనబడింది. ఆ దోమ ఎవరి రక్తం తాగిందో, ఎన్నాళ్ల క్రితం తాగిందో తెలియకపోయి ఉంటే సూక్ష్మదర్శిని కింద కనబడింది ఒక నల్లటి చుక్క, అంతే. 1902లో నోబెల్ వచ్చిన పనిలో సగం పుస్తకంలో రాసుకున్న తేదీలదే అంటే రాస్ అభిమానులకు కోపం రావొచ్చు గానీ, నాకు మాత్రం అలాగే అనిపిస్తుంది.

గీతల వెనక లెక్క

ఇప్పుడు స్టిక్కర్ దగ్గరికి వద్దాం. బార్‌కోడ్ ఆలోచనకు అమెరికాలో పేటెంట్ వచ్చింది 1952లో. దుకాణంలో మొదటిసారి చదివింది 1974 జూన్ 26న, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద. ల్యాబ్ ట్యూబుల మీద ఎక్కువగా కనబడేది కోడ్ 128 అనే రకం. ఇందులో ప్రతి అక్షరానికీ మూడు నల్ల గీతలు, మూడు తెల్ల ఖాళీలు. అన్నీ కలిపి 11 పాళ్ల వెడల్పు. ఏ గీత ఎన్ని పాళ్లో దాన్నిబట్టి అక్షరం.

చివర్లో ఒక కాపలా గుర్తు ఉంటుంది, చెక్ డిజిట్ అంటారు. అది ఎలా పుడుతుందో చూస్తే సరదాగా ఉంటుంది. ప్రతి అక్షరానికీ ఒక విలువ. ‘ఏ’ అనే ఇంగ్లిషు అక్షరానికి 33, ఒకటి అంకెకు 17. మొదలుపెట్టే గుర్తుకు 104. ‘ఏ1’ అని రాయాలంటే 104కు, మొదటి స్థానంలోని 33ను ఒకటితో, రెండో స్థానంలోని 17ను రెండుతో హెచ్చవేసి కలపాలి. 171 వస్తుంది. దాన్ని 103తో భాగిస్తే శేషం 68. అదే చెక్ డిజిట్. అక్షరాలు తారుమారై ‘1ఏ’ అయిందనుకోండి. మొత్తం 187, శేషం 84. స్కానర్ చదివిన గీతలకూ చివరి గుర్తుకూ పొంతన కుదరదు, అది చదవనంటుంది. చేత్తో రాసిన రిజిస్టర్‌లో 51 అనేది 15 అయితే కనిపెట్టే దిక్కు లేదు. ఇక్కడ ఉంది.

గొప్ప ఏర్పాటే. కానీ అది కాపాడేది స్టిక్కర్ నుంచి కంప్యూటర్ వరకే. చేతి నుంచి ట్యూబు వరకు ఉన్న ఆ జానెడు దూరానికి చెక్ డిజిట్ లేదు.

స్టిక్కర్ అంటించడంలోనూ ఒక పద్ధతుంది. ట్యూబు నిలువునా పొడుగ్గా అంటించాలి, ముడత లేకుండా, మూత దగ్గర పేరు మొదలయ్యేలా. అడ్డంగా చుట్టేస్తే గీతల్లో సగం ట్యూబు వంపు వెనక్కి పోతాయి, స్కానర్‌కు కనబడవు. గీతలకు రెండు పక్కలా ఖాళీ జాగా వదలాలి. లోపలి రక్తం ఎంతుందో కనబడేలా ఒక సందు కూడా వదలాలి. చదవని ట్యూబును యంత్రం పక్కకు తోసేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు దాన్ని చేత్తో పట్టుకుని నంబరు టైప్ చేయాలి. తప్పు మళ్లీ తొంగిచూసే చోటు అదే.

సరిగ్గా చదివితే మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ట్యూబు రాగానే రిసెప్షన్‌లో ఒక స్కాన్. ఫలానా శాంపిల్ ఇన్ని గంటలకు చేరిందని కంప్యూటర్‌లో నమోదవుతుంది. సెంట్రిఫ్యూజ్ దగ్గర ఒకటి. అనలైజర్ తనంతట తాను గీతలు చదివి, ల్యాబ్ కంప్యూటర్‌ను అడుగుతుంది, దీనికి ఏమేం చేయాలని. జవాబు వచ్చాక ఆ పరీక్షలే చేస్తుంది. పూర్తయ్యాక ట్యూబు ఏ ర్యాక్‌లో ఏ గుంటలో ఉందో కూడా నమోదవుతుంది. డాక్టరు మర్నాడు ఫోన్ చేసి ఇంకో పరీక్ష కలపమంటే ఫ్రిజ్‌లో వెతుక్కోనక్కర్లేదు. ఈ తరహా ల్యాబుకు ఆద్యుడు జపాన్‌లోని కోచి మెడికల్ స్కూల్‌లో పనిచేసిన డాక్టర్ మసహిదె ససాకి. 1980ల మొదట్లోనే శాంపిళ్లను కన్వేయర్ బెల్టుల మీద నడిపించాడు. ఇప్పుడు పెద్ద నగరాల ల్యాబుల్లో కనబడే పట్టాలన్నీ ఆయన వేసిన దారివే.

కానీ లేబుల్ ఎప్పుడు అంటించాలి? ల్యాబు భద్రత మొత్తం ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు. రద్దీగా ఉన్న పొద్దున, పని తొందరగా తెమలాలని ఇరవై మంది స్టిక్కర్లు ముందే ప్రింట్ చేసి ఇరవై ట్యూబులకు అంటించి ట్రేలో పెట్టుకుంటారు. లేదా ఇరవై మంది రక్తం తీసేసి, చివర్లో కూర్చుని ఒక్కోదానికీ అంటిస్తారు. రెండూ ప్రమాదమే. ఎందుకో ఫిల్మ్‌నగర్ వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. షాట్ తీసేటప్పుడు క్లాప్ కొట్టేది ఎక్కడ? తిరుగుతున్న కెమెరా ముందు. సీన్ నంబరు, షాట్ నంబరు, టేక్ నంబరు రాసి, గట్టిగా చదివి, కొట్టి, తప్పుకుంటారు. ఆ క్లాప్ ఆ షాట్‌లోనే ఉంటుంది కాబట్టి నెల రోజుల తర్వాత ఎడిటింగ్ టేబుల్ మీద దాన్ని వేరే షాట్‌కు తగిలించడం కుదరదు. పొద్దున్నే ఇరవై క్లాపులు కొట్టి పెట్టుకుని, సాయంత్రం దేనికేదో అతికించుకుందామనే అసిస్టెంట్ డైరెక్టర్‌ను ఏ యూనిట్‌లోనూ ఉంచుకోరు. ట్యూబు విషయంలోనూ అంతే. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, పేరు ఆమె నోటితో చెప్పించుకుని, చీటీ మీది గుర్తు స్కాన్ చేసి, అప్పటికప్పుడు చిన్న ప్రింటర్‌లో స్టిక్కర్ తీసి, ఆమె కళ్లముందే ట్యూబుకు అంటించాలి. ఆమె లేచి వెళ్లేలోపు ఆ పని అయిపోవాలి. ఖర్చు లెక్కన చూస్తే కన్వేయర్ బెల్టు ముందు ఈ చిన్న ప్రింటర్ ఏపాటిది! కానీ ఆసుపత్రులు గొప్పగా చూపించుకునేది బెల్టునే.

ముక్క, దిమ్మ, స్లైడు

రక్తం తప్పైతే ఇంకోసారి సూది గుచ్చొచ్చు. బయాప్సీ ముక్కకు ఆ అవకాశం తక్కువ. రహమత్ నగర్ నుంచి బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఎంతో దూరం కాదు. క్యాన్సర్ అవునో కాదో తేల్చే ముక్క ల్యాబులో ఎన్ని చేతులు మారుతుందో అలాంటి ఆసుపత్రులకు వెళ్లేవాళ్లు కూడా ఊహించరు. మొదట ఫార్మలిన్ సీసా. తర్వాత పాథాలజిస్టు దాన్ని కొలిచి, కోసి, అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ క్యాసెట్‌లో పెడతారు. రాత్రంతా ఆల్కహాల్, జైలీన్, కరిగిన పారఫిన్ మైనం. పొద్దున అది మైనపు దిమ్మ. దాన్ని మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంతో చెక్కుతారు. వెంట్రుక మందంలో ఇది పదిహేనో ఇరవయ్యో వంతు. ఆ పొరను గోరువెచ్చని నీళ్లలో తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తి, రంగులు అద్దుతారు. ఒక్క ముక్కకు సీసా, క్యాసెట్, దిమ్మ, స్లైడు, ఒక్కోసారి పది స్లైడులు. ప్రతి మెట్టు దగ్గరా పేరు మళ్లీ రాయాలి, అదీ జైలీన్‌కు చెరిగిపోని సిరాతో.

అమెరికాలోని పాథాలజిస్టుల కాలేజీ 136 సంస్థల్లో చేసిన సర్వేను 2011లో ప్రచురించారు. వెయ్యి దిమ్మల్లో 1.7, వెయ్యి స్లైడుల్లో 1.1 తప్పు లేబుల్‌తో ఉన్నాయి. వీటిలో చాలావరకు రిపోర్టు వెళ్లకముందే దొరికిపోతాయి. దొరకనప్పుడు ఏమవుతుందో 2002లో అమెరికాలోని మిన్నెసోటాలో తెలిసొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ల బయాప్సీలు తారుమారై, క్యాన్సర్ లేని ఆమెకు రెండు రొమ్ములూ తీసేశారు. ఆమె సంగతే అందరూ రాశారు. క్యాన్సర్ ఉండీ లేదనిపించుకున్న ఆ రెండో ఆమె గురించి ఆలోచిస్తే నాకు ఇంకా భయం వేస్తుంది.

డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పాథాలజీ విభాగం దీనికి వెతికిన మందు గమనించదగ్గది. అంతకుముందు స్లైడుల మీద పేర్లు ముందే గుంపుగా రాసి పెట్టుకునేవారు. దాన్ని మార్చి, మైక్రోటోమ్ దగ్గర కూర్చున్న మనిషి చేతిలోని దిమ్మను స్కాన్ చేస్తేనే దాని స్లైడు లేబుల్ ప్రింట్ అయ్యేలా చేశారు. ఒక దిమ్మ, దాని లేబుళ్లు, ఆ తర్వాతే రెండో దిమ్మ. 2009లో వాళ్లు ప్రచురించిన దాని ప్రకారం మొత్తం తారుమారులు 62 శాతం, స్లైడుల తారుమారులు 95 శాతం దాకా తగ్గాయి. బార్‌కోడ్ వల్ల తగ్గాయని అందరూ అంటారు. చేతిలో ఒక్కదాన్ని మించి ఉండనివ్వకపోవడం వల్ల తగ్గాయని నేనంటాను. బార్‌కోడ్ ఆ క్రమాన్ని తప్పనివ్వని కాపలాదారు.

గీతలు చదవాలంటే ఎవరో ఒకరు స్కానర్ ఎక్కుపెట్టాలి. ఆ పనీ లేకుండా రేడియో తరంగాలతో పనిచేసే ట్యాగులు వచ్చాయి. మన కార్ల అద్దాల మీది ఫాస్టాగ్ ఈ కోవలోదే. మేయో క్లినిక్ ఎండోస్కోపీ విభాగంలో బయాప్సీ ముక్కలు వేసే సీసాల అడుగున ఇలాంటి ట్యాగులు అంటించారు. 2007 మొదటి మూడు నెలల్లో ఏదో ఒక లేబుల్ లోపం ఉన్న సీసాలు 765 కాగా, ట్యాగులు వచ్చాక 2008లో అవే మూడు నెలల్లో 47. సీసాకు పనికొచ్చింది ట్యూబుల ర్యాక్‌కు అంత తేలిగ్గా పనికిరాదు. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ట్యాగుల తరంగాలను నీళ్లు పీల్చేసుకుంటాయి, లోహం తిప్పికొడుతుంది. రక్తంలో ఎక్కువ భాగం నీళ్లే, ర్యాకులు ఒక్కోసారి స్టీలువి. 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగులకు నీళ్లతో పేచీ తక్కువ గానీ బాగా దగ్గరికి తేవాలి. ధర సంగతి ఉండనే ఉంది. రోజుకు వేల ట్యూబులు వాడిపారేసే సర్కారు ల్యాబుకు కాగితం స్టిక్కరే గతి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఎక్కడుందన్నదొక్కటే కాదు, ఎంతసేపు ఉందన్నది కూడా

మళ్లీ ఆ వ్యానులోకి వెళ్దాం. ట్యూబులో ఉన్న రక్తకణాలు బతికే ఉంటాయి, తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెరను అవి తినేస్తాయి. పొద్దున ఉన్న షుగర్ మధ్యాహ్నానికి తగ్గిపోయి, మధుమేహం ఉన్నవాళ్లు లేనట్టుగా బయటపడతారు. అందుకే షుగర్‌కు ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు. అది కూడా కణాల నోరు పూర్తిగా కట్టడానికి గంటో రెండో తీసుకుంటుంది. పొటాషియందైతే ఇంకో వింత. చల్లగా పెడితే శాంపిల్ పాడవదని మనం అనుకుంటాం. కానీ కణం లోపల పొటాషియాన్ని పట్టి ఉంచే పంపు చల్లదనానికి పడకేస్తుంది. సీరం వేరు చేయకుండా ఐస్ మీద పెట్టిన రక్తంలో పొటాషియం కణాల్లోంచి బయటికి కారిపోతుంది. ల్యాబులో చూస్తే గుండె ఆగిపోయేంత అంకె. మనిషి మాత్రం ఇంట్లో హాయిగా టీ తాగుతూ ఉంటుంది.

కాబట్టి ట్రాకింగ్ అంటే ట్యూబు ఎక్కడుందో చూపించే మ్యాపు కాదు. రక్తం తీసిన సమయం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన సమయం, వ్యాను ఎక్కిన సమయం, డబ్బాలో దారి పొడవునా నమోదైన ఉష్ణోగ్రత, ఇవన్నీ ఆ నంబరుకు అతుక్కుని ఉండాలి. నాలుగు గంటలు దాటిన ట్యూబులో ఏ పరీక్ష చేయొచ్చో, ఏది చేయకూడదో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పి ఉంచాలి. 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ‘మెడిసిన్స్ ఫ్రమ్ ద స్కై’ మొదలైనప్పుడు, రేపు శాంపిళ్లు కూడా ఆకాశంలో ఎగురుతాయని అందరం మురిసిపోయాం. ఎగరనీయండి, మంచిదే. పేరు తప్పైతే ఆ తప్పు త్వరగా చేరుతుంది, అంతే తేడా.

ఇంత చేసినా జారిపోయిన తారుమారును పట్టుకునే ఆఖరి వల ఒకటుంది. దాని పేరు డెల్టా చెక్. కొత్త అంకెను అదే మనిషి పాత అంకెతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. దీనికి బాగా అక్కరకొచ్చేది ఎర్రకణాల సగటు పరిమాణం, సీబీసీ రిపోర్టులో ఎంసీవీ అని ఉంటుంది చూడండి, అది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. నాలుగు రోజుల్లో కణాలన్నీ మారిపోవు కాబట్టి ఎంసీవీ కూడా మారదు. సోమవారం 72 ఉన్న మనిషికి గురువారం 94 వచ్చిందంటే, మధ్యలో రక్తం ఎక్కించి ఉండాలి, లేదా ఆ రెండు ట్యూబుల్లో ఒకటి వేరొకరిది. ఐరన్ లోపంతో ఎంసీవీ తగ్గిన ఆడవాళ్లు ఇంతమంది ఉన్న చోట ఈ వల బాగా పనిచేస్తుంది. అయితే పాత రికార్డు ఉంటేనే పోలిక. ఒక దవాఖానాలో లక్ష్మిగా, ఇంకోచోట మహాలక్ష్మిగా నమోదైన మనిషికి పాత రికార్డే ఉండదు.

కరెంటు పోయిన రోజు, సర్వర్ నిలిచిపోయిన రోజు సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పుడు చేత్తో నంబర్లు వేసి, రిజిస్టర్‌లో రాసి, సాయంత్రం సర్వర్ వచ్చాక ఒక్కసారిగా ఎక్కిస్తారు. ఏడాదంతా పాటించిన క్రమం ఆ ఒక్క గంటలో చెదురుతుంది. మంచి ల్యాబులు ముందే అచ్చు వేయించిన బార్‌కోడ్ స్టిక్కర్ల జతలు దాచి ఉంచుతాయి. ఒకటి ట్యూబుకు, దాని జోడు చీటీకి. సర్వర్ వచ్చాక రెండింటినీ స్కాన్ చేస్తే సరిపోతుంది, ఎవరి దస్తూరీ చదవక్కర్లేదు.

ఇక మెసేజ్. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఫలితం ఫోన్‌కు వస్తుంది. బస్తీలో ఒక ఇంటికి ఒకే ఫోన్ ఉండొచ్చు, అది కొడుకు జేబులో ఉండొచ్చు. రీచార్జ్ చేయని నంబరు ఈపాటికి ఇంకెవరి చేతికో వెళ్లి ఉండొచ్చు. కంప్యూటర్‌లో మాత్రం ‘పంపబడింది’ అని పచ్చగా కనబడుతుంది. షుగర్ కొంచెం ఎక్కువని వచ్చిన రిపోర్టు వారం ఆలస్యమైతే పెద్దగా ప్రమాదం లేదు. పొటాషియం 6.8, హిమోగ్లోబిన్ 4 లాంటివి వస్తే ఆ రోజే డాక్టరుకు తెలియాలి. ఇలాంటి అంకెలకు మెసేజ్ సరిపోదు. ల్యాబు నుంచి మనిషే ఫోన్ చేసి, పేరు, నంబరు, అంకె చెప్పి, అవతలివాళ్లతో తిరిగి చదివించుకుని, ఎవరితో ఏ సమయానికి మాట్లాడారో కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆ గడి నింపే వరకు శాంపిల్‌ను పూర్తయినట్టు చూపించని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పరీక్ష అయిపోయినా, ట్యూబు ర్యాక్‌లోకి చేరినా, డాక్టరు ఫోన్ ఎత్తేదాకా అది పెండింగ్‌లోనే ఉంటుంది.